అరువు మాట, సొంత వ్యాకరణం: ఎస్టోనియా ‘రామత్’ మనకు చెప్పే కథ

(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం పెద్దలు నన్ను పిలిచి, “పిల్లలకు భాష గురించి నాలుగు మాటలు చెప్పు” అన్నారు. భాష గురించి అనగానే “మాతృభాష తల్లిపాల వంటిది” అనే ప్రసంగం మొదలవుతుందని మీరు అనుకుంటున్నారు. అది మీరు చాలాసార్లు విన్నారు. ఈ రోజు నేను ఒక్క మాట గురించే మాట్లాడతాను. అది మన మాట కాదు. మనకు వేల కిలోమీటర్ల దూరంలో, మంచు కురిసే సముద్రం ఒడ్డున ఉన్న ఎస్టోనియా అనే చిన్న దేశపు మాట. ఆ మాట కూడా వాళ్ల సొంతం కాదు, అరువు తెచ్చుకున్నదే. అయినా దాన్ని మీ ముందుకు ఎందుకు తెచ్చానో చెప్పడానికి ముందు నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పాలి.

నేను ఆరో తరగతిలో హాస్టల్‌కు పోయాను. పండుగ సెలవులు వస్తున్నాయి. “ఎక్కడికి పోతున్నావురా?” అని ఒక సారు అడిగితే “నాటే పోతున్న సార్” అన్నాను. ఊరికి అనబోయి ఇంట్లో మాట నోట వచ్చింది. గదంతా నవ్వు. సారు కూడా నవ్వి, “లిపి లేదు, పుస్తకం లేదు, అసలు పుస్తకం అనే మాటే లేదు మీ దాంట్లో, అదొక భాషా?” అన్నారు. ఆయన చెడ్డవారు కాదు, లెక్కలు బాగా చెప్పేవారు. కానీ ఆ రోజు నుంచి బడి ముగిసేదాకా ‘నాటే’ అనే మాట నా నోట రాలేదు. ఇంటికి పోయినా అవ్వతో తెలుగులోనే జవాబు చెప్పేవాణ్ణి. అవ్వ నా ముఖం చూసి ఊరుకునేది.

తర్వాత చాలా ఏళ్లకు భాషాశాస్త్రం చదివాను. మా మాష్టారు ఒక పని పెట్టారు. మనకు ఏమాత్రం తెలియని భాష ఒకటి ఎంచుకోవాలి, అందులో బయటినుంచి వచ్చిన నామవాచకం ఒకటి తీసుకోవాలి, అది ఎక్కడ పుట్టింది, కొత్త ఇంట్లో ఎలా నడుచుకుంటోంది అని రాయాలి. నాకు ఎస్టోనియన్ వచ్చింది. నేను ఎంచుకున్న మాట ‘రామత్’. దాని అర్థం పుస్తకం. మన రాముడికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

ముందు ఆ దేశం గురించి కొంచెం తెలుసుకుందాం. ఎస్టోనియా ఐరోపాలో బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉంది. పైన ఫిన్లాండ్, పక్కన రష్యా, కింద లాట్వియా. విస్తీర్ణంలో తెలంగాణలో సగం కూడా ఉండదు. జనాభా సుమారు 13 లక్షలు. ఎస్టోనియన్‌ను తల్లిభాషగా మాట్లాడేవాళ్లు దాదాపు 11 లక్షల మంది. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను. వాళ్ల భాష చుట్టుపక్కల ఉన్న జర్మన్, రష్యన్, లాట్వియన్ భాషల కుటుంబానికి చెందినది కాదు. ఫిన్నిష్, హంగేరియన్ ఉన్న వేరే కుటుంబానిది. పెద్ద పెద్ద భాషల మధ్య వేరే వంశానికి చెందిన చిన్న భాష అన్నమాట. ఈ మాట వినగానే మీకు ఎవరో గుర్తొచ్చి ఉండాలి.

ఇక ‘రామత్’ ఎక్కడినుంచి వచ్చింది? దాని మూలం గ్రీకు భాషలో ఉంది. గ్రీకులో ‘గ్రామ్మ’ అంటే రాసిన అక్షరం. బహువచనం ‘గ్రామ్మత’, అంటే అక్షరాలు, రాతలు. క్రైస్తవ మతంతో పాటు ఈ మాట పాత రష్యా ప్రాంతానికి చేరి ‘గ్రామొత’ అయింది. అక్కడ దానికి ఉత్తరం, దస్తావేజు, చదువు అనే అర్థాలు వచ్చాయి. ఆ వర్తకులతో, మతగురువులతో పరిచయం ఉన్న ఎస్టోనియన్ల పూర్వీకులు ఆ మాట విన్నారు. 13వ శతాబ్దంలో జర్మన్ యోధులు కత్తులతో వచ్చి ఆ నేలను ఆక్రమించుకోవడానికి ముందే ఇది జరిగిందని పండితుల లెక్క. శిలువకు ‘రిస్త్’, పూజారికి ‘పప్’ అనే మాటలు కూడా ఆ దారినే వచ్చాయి.

ఇక్కడ అసలు సరదా ఉంది. ‘గ్రామొత’ లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గరే దాన్ని ఆపారు. ఎందుకంటే అప్పటి ఎస్టోనియన్‌లో ఏ మాటా రెండు హల్లులతో మొదలవదు. ‘గ్ర’ అనే ఒత్తు వాళ్ల నోటికి పడదు. కాబట్టి ముందున్న ‘గ’ను బయటే వదిలేసి రమ్మన్నారు. మిగిలింది ‘రామత్’. ఇంటికి చుట్టం వస్తే చెప్పులు బయట విప్పించినట్టు.

ఇది ఒక్క మాటకే జరగలేదు. జర్మన్ వర్తకుల ‘స్కోలె’ అంటే బడి. అది ఎస్టోనియాలో ‘కోల్’ అయింది, ‘స’ పోయింది. కుర్చీకి వాళ్లు ‘స్తోల్’ అంటే వీళ్లు ‘తోల్’ అన్నారు. అద్దం ‘స్పెగెల్’ వీళ్లకు ‘పేగెల్’ అయింది. ఒడ్డుకు జర్మానిక్ భాషల్లో ‘స్త్రాండ్’ అంటే, వీళ్లు మూడు హల్లుల్లో రెంటిని తీసేసి ‘రంద్’ అన్నారు. బయటి మాటను తెచ్చుకున్నారు గానీ దాన్ని ఎలా పలకాలన్నది తమ నోరే నిర్ణయించింది.

తర్వాత కాలం మారింది. జర్మన్ చదువులు, పెద్ద విద్యాలయాలు వచ్చాయి. అదే గ్రీకు ‘గ్రామ్మ’ నుంచి పుట్టిన మరో మాట రెండోసారి ఎస్టోనియాకు వచ్చింది. అదే ‘గ్రమ్మాతిక’, అంటే వ్యాకరణం. అప్పటికి చదువుకున్నవాళ్లకు ‘గ్ర’ పలకడం వచ్చేసింది, అందుకని ఈ చుట్టం చెప్పులతోనే లోపలికి వచ్చింది. ఈ రోజు ఎస్టోనియన్‌లో పుస్తకం, వ్యాకరణం అనే రెండు మాటలూ ఒకే తల్లి పిల్లలు. ఒకరు వెయ్యేళ్ల కిందట వచ్చి ఇంటిమనిషి అయ్యారు, ఇంకొకరు మొన్న మొన్న వచ్చారు. మీ చేతిలోని ఫోన్‌లో టెలిగ్రామ్ ఉంది కదా, మీ ఇంగ్లీషు సారు గ్రామర్ చెబుతారు కదా, అవీ ఆ కుటుంబమే. మనకు తెలియకుండానే ‘రామత్’కు చుట్టాలమయ్యాం.

ఇంతవరకు పుట్టుక. ఇప్పుడు ఆ మాట కొత్త ఇంట్లో ఎలా నడుచుకుంటుందో చూద్దాం. ఇది కొంచెం వ్యాకరణం, కానీ భయపడకండి. తెలుగు, గోండీ వచ్చినవాళ్లకు ఇది కష్టం కాదు. ఇంగ్లీషు ఒక్కటే తెలిసినవాడికి కష్టం.

ఇంగ్లీషులో పుస్తకంలో, పుస్తకం నుంచి, పుస్తకంతో అనాలంటే ముందు విడిగా చిన్న చిన్న మాటలు పెడతారు. ఎస్టోనియన్‌లో మనలాగే వెనక తగిలిస్తారు. మనం విభక్తులు అంటాం. వాళ్లకు అవి 14 ఉన్నాయి. ఊరికే రామత్ అంటే పుస్తకం. రామతు అంటే పుస్తకపు. ఆ ‘రామతు’ మీద మిగతావి ఒక్కొక్కటే ఎక్కుతాయి. రామతుస్సె అంటే పుస్తకంలోకి. రామతుస్ అంటే పుస్తకంలో. రామతుస్త్ అంటే పుస్తకంలోనుంచి. రామతులె అంటే పుస్తకం మీదికి. రామతుల్ అంటే పుస్తకం మీద. రామతుల్త్ అంటే పుస్తకం మీదినుంచి. రామతుక్స్ అంటే పుస్తకంగా మారడం. రామతున అంటే పుస్తకంగా ఉండడం. రామతుని అంటే పుస్తకం దాకా. రామతుత అంటే పుస్తకం లేకుండా. రామతుగ అంటే పుస్తకంతో. వీటికి ‘రామతుత్’ అనే ఇంకో రూపం కలిపితే 14 అవుతాయి. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇందులో రెండు విషయాలు గమనించండి. మొదటిది, ‘రామత్’ చివర లేని ‘ఉ’ మిగతా రూపాలన్నిటిలోకి ఎక్కడినుంచి వచ్చింది? అది పాత అచ్చు. ఎస్టోనియన్ మాటల చివరి అచ్చులు కాలం గడిచేకొద్దీ అరిగిపోయాయి. పక్కనున్న ఫిన్నిష్‌లో ఇదే మాట ‘రామత్తు’గా ఇంకా నిలిచి ఉంది, అక్కడ దానికి బైబిల్ అని అర్థం. ఎస్టోనియన్‌లో మాట ఒంటరిగా ఉన్నప్పుడు ఆ ‘ఉ’ కనిపించదు. ప్రత్యయం తగలగానే దాక్కున్నది బయటికి వస్తుంది. కాబట్టి ఎస్టోనియన్ నేర్చుకునేవాడు ఒక మాటను ఒక్క రూపంలో నేర్చుకుంటే చాలదు. ‘రామత్, రామతు, రామతుత్’ అని మూడు రూపాలూ కలిపి బట్టీ పడతాడు. అవి వస్తే మిగతావన్నీ వచ్చినట్టే.

మనకూ ఇదే కదా! ఇల్లు అంటాం, ‘ఇల్లులో’ అనం, ఇంట్లో అంటాం. నోరు అంటాం, ‘నోరులో’ అనం, నోట్లో అంటాం. ‘నోటి’ అనే లోపలి రూపం ఒకటి దాక్కుని ఉంటుంది, ప్రత్యయం తగలగానే బయటికి వస్తుంది. నేను ఆ వ్యాసం రాస్తున్న రాత్రి ఇక్కడే ఆగిపోయాను. నోరు, నోటి, నోట్లో అని కాగితం మీద రాశాను. దాని కింద, చాలా ఏళ్ల తర్వాత, నా చేత్తో నేను రాసిన మాట ఏమిటో తెలుసా? ‘నార్’. ఊరు. దాని పక్కన ‘నాటే’. ఊళ్లో. నోరుకు నోట్లో ఎలాగో, నార్‌కు నాటే అలాగే. అదే ‘ర’, అదే ‘ట’. హాస్టల్ గదంతా నవ్విన ఆ మాటలో అంత పాత, అంత కచ్చితమైన వ్యాకరణం ఉంది. తెలుగు నోరుకు ఏ నియమం ఉందో మా అవ్వ నోట్లోని నార్‌కు అదే నియమం ఉంది. రెండూ ఒకే ద్రావిడ తల్లి బిడ్డలు. అది నాకు చెప్పింది మన పాఠ్యపుస్తకం కాదు. ఎక్కడో ఎస్టోనియా నుంచి వచ్చిన అరువు మాట చెప్పింది.

రెండో విషయం ‘రామతుగ’లోని ‘గ’. ‘తో’ అనే అర్థం ఇచ్చే ఈ ప్రత్యయం ఒకప్పుడు విడి మాట. కలిసి, తోడుగా అనే అర్థమున్న మాట అరిగి అరిగి ప్రత్యయమయింది. మన తెలుగు ‘తో’ కూడా ‘తోడు’ నుంచే వచ్చింది కదా. ఏ పరిచయమూ లేని రెండు భాషలు వేల మైళ్ల దూరంలో ఒకే పని చేశాయి. మనిషి ఎక్కడైనా మనిషే.

ఇప్పుడు ‘రామతుత్’ సంగతి. ఇది మనకు లేనిది. పని పూర్తి కానప్పుడు, లేదా వస్తువులో కొంత భాగమే తీసుకున్నప్పుడు ఎస్టోనియన్లు ఈ రూపం వాడతారు. “పుస్తకం చదువుతున్నాను” అంటే ‘రామతుత్’ అంటారు, ఎందుకంటే ఇంకా అయిపోలేదు. “పుస్తకం మొత్తం చదివేశాను” అంటే ‘రామతు’ అంటారు. మనం క్రియలో చెప్పేదాన్ని వాళ్లు నామవాచకంలో చెబుతారు. పరీక్షల ముందు మీ అమ్మ “చదివావా?” అని అడిగితే ఎస్టోనియాలో తప్పించుకోలేరు, విభక్తే పట్టిస్తుంది. ఇంకో వింత, రెండు పుస్తకాలు అనాలంటే బహువచనం రాదు. ‘కక్స్ రామతుత్’ అనాలి. అంకె తర్వాత ఏకవచనమే, అదీ ఈ రూపంలోనే.

నాకు పుస్తకం ఉంది అనడానికి వాళ్లు ‘ముల్ ఒన్ రామత్’ అంటారు. మాటకు మాట చెబితే ‘నా మీద ఉంది పుస్తకం’. మనమూ ‘నా దగ్గర పుస్తకం ఉంది’ అంటాం. ఇంగ్లీషువాడిలా కలిగి ఉండడానికి వేరే క్రియ ఇద్దరికీ అవసరం లేదు.

ఒక్కసారి ఆలోచించండి. గ్రీకులో పుట్టి, రష్యాలో పెరిగి వచ్చిన ఈ మాటకు ఇందులో ఒక్క గ్రీకు ప్రత్యయమైనా ఉందా? రష్యన్ విభక్తి ఒక్కటైనా తగిలిందా? లేదు. 14 విభక్తులూ ఎస్టోనియన్‌వే. పైగా ఆ మాట అక్కడ సంసారం పెట్టి పిల్లల్ని కంది. ‘కొగు’ అంటే సేకరణ, ‘రామతుకొగు’ అంటే గ్రంథాలయం. ‘సోన’ లాంటి వాళ్ల సొంత మాటకు ‘మాట’ అని అర్థం, దానితో కలిపి ‘మాటల పుస్తకం’ అంటే నిఘంటువు. లెక్కలు రాసే అకౌంటెంట్ ‘రామతుపిదాయ’, అంటే పుస్తకం పట్టేవాడు. ఇప్పుడు కొత్తగా ‘ఎ-రామత్’, అంటే ఈ-పుస్తకం. మన ఈ సంచిక కూడా వాళ్ల లెక్కలో ఒక ఎ-రామతే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇదంతా సరదాగా ఉంది గానీ వాళ్లకు ఇది సుఖంగా రాలేదు. 13వ శతాబ్దం నుంచి వందల ఏళ్లు ఆ నేలమీద జర్మన్ దొరలదే భూమి. ఎస్టోనియన్లు ఆ భూమికి కట్టుబడిన వెట్టి రైతులు. ఆ వెట్టి చట్టప్రకారం పోయింది 1816లో ఉత్తరాన, 1819లో దక్షిణాన. వాళ్లకు ‘ఎస్టోనియన్లం’ అనే పేరు కూడా చాలాకాలం లేదు. తమను తాము ‘మారహ్వస్’ అనుకునేవారు, అంటే నేల జనం. తమ భాష ‘మాకేల్’, నేల భాష. ఆదివాసీ అనే మన మాటకు ఇది ఎంత దగ్గరో చూడండి.

వాళ్ల మొదటి పుస్తకాలు వాళ్లు రాసుకున్నవి కావు. 1525లో ఎస్టోనియన్ భాష కూడా ఉన్న మతగ్రంథాలను జర్మన్ రేవు పట్టణం లూబెక్‌లో పట్టుకుని ఆపేశారు. ఒక్క ప్రతీ మిగల్లేదు. 1535లో విట్టెన్‌బర్గ్‌లో అచ్చయిన ఒక చిన్న మతబోధ పుస్తకం కూడా పోయిందనే అనుకున్నారు. 1929లో మరో పుస్తకం అట్ట లోపల దాని చిరిగిన పుటలు కొన్ని దొరికాయి. అట్ట గట్టిపడడానికి చిత్తుకాగితాలుగా అతికించారు! ఒక జాతి మొదటి పుస్తకం ఇంకో పుస్తకం అట్టలో చెత్తగా దాక్కుని ఉంది. 2025లో వాళ్లు 500 ఏళ్ల పుస్తక సంవత్సరం జరుపుకున్నది, మిగలని ఆ 1525 నాటి పుస్తకం పేరు మీద. మొదటి వ్యాకరణం 1637లో హైన్రిక్ స్టాల్ అనే మతగురువు రాశాడు. అదీ జర్మన్ భాషలో, జర్మన్ వాళ్లకోసం.

19వ శతాబ్దంలో చదువుకుని పట్టణం చేరిన ఎస్టోనియన్లలో కొందరు తమ భాష మాట్లాడటానికి సిగ్గుపడ్డారు. వచ్చీరాని జర్మన్‌లో గొప్పలు పోయేవారు. ఊళ్లో జనం వాళ్లకు ‘కదక సక్సలు’ అని పేరు పెట్టారు. కదకస్ అంటే ఒక రకం ముళ్లతుప్ప, సక్స అంటే జర్మన్ దొర. తుప్పల దొరలు అన్నమాట. నేను ఆ మాట చదివినప్పుడు నవ్వాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. అవ్వకు తెలుగులో జవాబు చెప్పిన పిల్లవాడు గుర్తొచ్చాడు.

అయితే అదే కాలంలో వేరేవాళ్లూ ఉన్నారు. 1857లో యాన్సెన్ అనే ఆయన ‘పెర్నో పోస్టిమేస్’ అనే పత్రిక పెట్టి, నేల జనం అనకుండా ‘ఎస్టోనియా ప్రజలారా’ అని పిలిచాడు. 1869లో తార్తు పట్టణంలో మొదటి పాటల పండుగ జరిగింది, అది ఇప్పటికీ జరుగుతోంది. 1888లో యాకొబ్ హుర్త్ ఊరూరికీ పిలుపునిచ్చాడు, మీ అవ్వల పాటలు, కథలు రాసి పంపండని. బడిపంతుళ్లు, రైతులు, యువకులు రాసి పంపిన కాగితాలు గుట్టలు గుట్టలుగా చేరాయి. 1918లో దేశం స్వతంత్రమయింది. 1919లో తార్తు విశ్వవిద్యాలయం ఎస్టోనియన్ మాధ్యమంలోకి మారింది. అప్పుడు కొత్త మాటలు కావలసి వచ్చాయి. యొహానెస్ ఆవిక్ అనే పండితుడు కొన్ని మాటలు పక్కనున్న ఫిన్నిష్ నుంచి అరువు తెచ్చాడు, కొన్ని పూర్తిగా తానే కల్పించాడు. ఆయుధానికి ఆయన కల్పించిన ‘రెల్వ్’ ఈ రోజు ప్రతివాళ్లూ వాడతారు. తర్వాత సోవియట్ పాలన వచ్చింది, 1991లో పోయింది. ఈ రోజు ఆ 11 లక్షల మంది భాష ఐరోపా సమాఖ్య అధికార భాషల్లో ఒకటి.

మరి అదే తీరంలో ఇంకో కథ కూడా ఉంది. ఎస్టోనియన్‌కు చెల్లెలివంటి భాష లివోనియన్. లాట్వియా సముద్ర తీరాన జాలరులు మాట్లాడేవారు. దానికీ వ్యాకరణాలు రాశారు, నిఘంటువులు చేశారు, అచ్చు పుస్తకాలు వచ్చాయి. కానీ ఇళ్లలో పిల్లలతో మాట్లాడటం ఆగిపోయింది. ఇంట్లో తల్లిభాషగా నేర్చుకున్న చివరి మనిషి 103 ఏళ్ల వయసులో 2013లో కెనడాలో కన్నుమూసింది. ఇప్పుడు ఇష్టపడ్డవాళ్లు పుస్తకాల్లో నేర్చుకుంటున్నారు. ఆ భాషకు ఆపద అరువు మాటల వల్ల రాలేదు. పుస్తకాలు లేకపోవడం వల్ల కూడా రాలేదు. పిల్లల చెవిన పడకపోవడం వల్ల వచ్చింది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మొన్న మన తమ్ముడొకడు నన్ను అడిగాడు, “అన్నా, మన మాటల్లో సగం తెలుగు, సగం మరాఠీ, హిందీ. ఇంక మన భాష ఎక్కడుంది?” అని. సరైన ప్రశ్నే. జవాబు కోసం మీ అందరికీ తెలిసిన నినాదం ఒకటి తీసుకుందాం. మావ నాటే మావ రాజ్. మా ఊళ్లో మా రాజ్యం. ఇందులో ‘రాజ్’ మనది కాదు, అరువు మాట. కానీ ‘మావ’ మనది, ‘నాటే’ మనది, వాటిని కలిపిన తీరు మనది. ఆ నినాదం విని ఎవరైనా ఇది హిందీ అన్నారా? ఆ అరువు మాటను మన వ్యాకరణం మోసుకుపోతోంది. రామత్‌కు 14 విభక్తులు తొడిగిన పని ఇదే.

అయినా అరువు లేని భాష ఏది? తెలుగులో పుస్తకం సంస్కృతం నుంచి వచ్చింది. కాగితం, కుర్చీ పారసీ దారిన వచ్చాయి. ఇస్త్రీ, తువాలు పోర్చుగీసువాళ్లు తెచ్చారు. బీరువా ఫ్రెంచివాళ్లది. తెలుగు భాష కాదని ఎవరూ అనలేదు. మన దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ ప్రశ్న ఎందుకు?

లిపి లేదన్నారు. నార్నూర్ మండలంలోని గుంజాలలో మన పెద్దల చేతిరాత ప్రతులు బయటపడ్డాయి. ఆ గుంజాల గోండీ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, అంటే ఫోన్లకు, కంప్యూటర్లకు అది ఇప్పుడు గుర్తింపు ఉన్న లిపి. అంతకు ముందే 1940ల్లో మార్లవాయిలో గోండీ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, గోండీ వాచకాలతో బళ్లు నడిపారు. పుస్తకం లేదన్న సారుకు ఆ సంగతి తెలియదు. నాకూ అప్పుడు తెలియదు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న అంకె తీయండి. ఎస్టోనియన్ 11 లక్షలు. 2011 జనగణన ప్రకారం గోండీ తల్లిభాష అని చెప్పినవాళ్లు 29 లక్షలకు పైగా. వాళ్ల కంటే రెండున్నర రెట్లు ఎక్కువ. కోయ అన్నవాళ్లు ఇంకో 4 లక్షలు. అయితే మనల్ని మనం మోసం చేసుకోవద్దు. వాళ్లకు ఒక దేశం ఉంది, విశ్వవిద్యాలయం ఉంది. మనం నాలుగైదు రాష్ట్రాల్లో చీలి ఉన్నాం, ఒక్కోచోట ఒక్కో బడి భాష. 2003లో సంతాలీ, బోడో భాషలు ఎనిమిదో షెడ్యూల్‌లో చేరాయి, గోండీ ఇంకా చేరలేదు. ఆ పని సర్కారుతో కొట్లాడి సాధించుకోవాలి, పెద్దలు ఆ పనిలో ఉన్నారు. కానీ సర్కారు ఆర్డరు అక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. అవి మీవి.

ఒకటి, ఈ సెలవుల్లో మీ అవ్వ దగ్గర కూర్చుని పది మాటలు రాయండి. ఊరికే మాట రాయకండి. నార్ అని రాస్తే పక్కన నాటే కూడా రాయండి. ఊళ్లో, ఊరినుంచి, ఊరిదాకా ఎలా అంటారో అడగండి. మాటలు కావాలంటే అరువు దొరుకుతాయి, విభక్తులు ఎవరూ అరువివ్వరు. ఏ లిపి వస్తే ఆ లిపిలో రాయండి. రెండు, ఫోన్‌లో రికార్డు చేయండి. యాకొబ్ హుర్త్ కాలం వాళ్లకు కాగితమే ఉంది, మీకు అవ్వ గొంతే దొరుకుతుంది. మూడు, కొత్త మాట లేదని మాట్లాడటం ఆపకండి. చార్జర్, ఆన్‌లైన్, రీచార్జ్, అన్నీ తెచ్చుకోండి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పించి, మన విభక్తి తొడిగి లోపలికి రానివ్వండి. నాలుగోది అన్నిటికంటే కష్టం. చిన్నపిల్లలతో మాట్లాడండి.

ఈ నాలుగోది చెప్పే హక్కు నాకు పూర్తిగా లేదు. నా ఇద్దరు పిల్లలు పట్నంలో పెరిగారు. నేను గోండీలో అడిగితే తెలుగులో జవాబు చెబుతారు, నేను ఒకప్పుడు అవ్వకు చెప్పినట్టే. పోయిన పండుగకు ఊరికి బయలుదేరుతుంటే పక్కింటివాళ్లు మా చిన్నమ్మాయిని “ఎక్కడికి పోతున్నవు బిడ్డా?” అని అడిగారు. అది సంచి భుజాన వేసుకుంటూ “నాటే” అంది. ఒక్క మాటే. ఎవరూ నవ్వలేదు. నేను చెప్పులు వేసుకోవడం మరిచిపోయి అక్కడే నిలబడ్డాను. ఆ మాట వినడానికి మా అవ్వ లేదు.

మీ అవ్వలు ఉన్నారు. ఇక్కడినుంచి ఇంటికి పోగానే వాళ్లతో మాట్లాడండి.